మసరత్ డెమో క్లాసుకు వచ్చిన జనం

శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకల్లా కమాల్ బాషా ఇంట్లో ఎవరి పని ఏమిటో తేలిపోయింది. ప్రొద్దుటూరులో ఆయనది టైలరు అంగడి. ముందర అంగడి, వెనక ఇల్లు. ఇంట్లోకి పోవాలంటే అంగడిలోంచే పోవాలి. ఆయన కుట్టి ముగించిన పెళ్లికోటు తీసుకుని జమ్మలమడుగు బస్సెక్కి, పెళ్లికొడుక్కు తొడిగి చూసి, జుమ్మా నమాజు వేళకు తిరిగి రావాలి. భార్య ఖమ్రున్నీసా ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కాకుండా చూసుకోవాలి. కూతురు మసరత్ పదకొండు గంటలకు ఫోను ముందు నిలబడి నలభై నిమిషాలు ఇంగ్లీషు పాఠం చెప్పాలి.

మసరత్ రెండుసార్లు బ్యాంకు పరీక్ష రాసి రెండుసార్లూ ఇంగ్లీషులోనే పోగొట్టుకుంది. తప్పు వాక్యాన్ని సరిదిద్దమనే ప్రశ్నలు, అందులోనూ కామాకు ముందు ఒక పని, కామా తర్వాత ఒక మనిషి వచ్చే రకం వాక్యాలు ఆమెను ముంచాయి. ఆ కోపంతో ఏడాదిపాటు వాటినే పట్టుకుని కూర్చుంది. ఇప్పుడు ఆ ప్రశ్నలు ఆమెను చూసి భయపడాలి. పులివెందులలో ప్రియదర్శిని మేడం పోటీ పరీక్షలకు ఆన్‌లైన్ క్లాసులు నడుపుతోంది. ఆమెకు ఇంగ్లీషు చెప్పేవాళ్లు కావాలి. షరతు ఒక్కటే. డెమో క్లాసును కనీసం యాభై మంది చివరిదాకా చూడాలి. అంతకు ముందు వారం డెమో ఇచ్చినాయనకు మొదట అరవై మంది వచ్చారు, చివరకు ఆయనా ఆయన తమ్ముడూ మిగిలారు.

"ఇది గూడా పోతే నీ పక్కన కూచోని హుక్కులు కుట్టుకుంటా అబ్బా" అంది మసరత్ తండ్రితో.

"హుక్కులు కుట్టేదానికి నువ్వు పనికిరావులే. పాఠమే చెప్పు" అని కమాల్ బాషా కోటు భుజాన వేసుకున్నాడు.

మసరత్ ఫోను కెమెరా పగిలిపోయింది కాబట్టి ఆయన తన ఫోను ఇచ్చి పోయాడు. పోతూ పోతూ షట్టరును సగానికి దించాడు. మొత్తం దించితే ఇంట్లోకి గాలి రాదు, పూర్తిగా తెరిచిపెడితే జాకెట్ల కోసం ఆడవాళ్లు వచ్చి కూర్చుంటారు. ఆ బజారులో సగం దించిన షట్టరుకు ఒకే అర్థం ఉంది. అంగడి యజమాని ఇంట్లో చావు. పక్క అంగళ్లవాళ్లు కూడా మర్యాదకు తమ షట్టర్లు సగానికి దించి, శవం కదిలేదాకా అట్లే ఉంచుతారు. ఈ సంగతి కమాల్ బాషాకు తెలియక కాదు. ముప్పై ఏండ్లుగా ఎందరికోసమో ఆయనే దించాడు. కానీ బస్సు తప్పిపోతుందనే తొందరలో ఉన్న మనిషికి తన షట్టరు బయటి నుంచి ఎట్లా కనబడుతుందో తోచదు.

పది గంటలకు ఖమ్రున్నీసాకు ఒక దిగులు పట్టుకుంది. యాభై మంది యాడనుంచి వస్తారు? మసరత్ మొహం కడుక్కునేలోపల ఆమె భర్త ఫోను తీసుకుని, అందులో ఉన్న చుట్టాలకూ, బజారువాళ్లకూ, గిరాకీలకూ లింకు పంపింది. కింద ఇట్లా రాసింది: ఈ రోజు పదకొండు గంటలకు లైవ్. అందరూ చూడండి. చివరిదాకా ఉండండి. దువా చేయండి. రాసిన తర్వాత, ఆయన ఇంట్లో లేకుండా ఆయన పేరు పెట్టడం ఏం బాగుంటుందని ఆలోచించి, కింద 'కమాల్ బాషా కుటుంబం' అని చేర్చింది.

ఆ వీధిలో సగం ఇండ్లవాళ్లకు కువైట్‌లోనో, సౌదీలోనో మనిషి ఉంటాడు. ఇంట్లో చావు జరిగితే అంత దూరం నుంచి రాలేరు. అంతిమయాత్ర జనాజాను చూపే లైవ్ లింకు వస్తే చూసి, అక్కడే చేతులెత్తి దువా చేసుకుంటారు. అంతవరకు ఆ వీధికి లైవ్ లింకు వచ్చిందంటే అందుకే వచ్చింది. పైగా శుక్రవారం. జుమ్మా తర్వాత ఎత్తుతారని ఎవరూ చెప్పకుండానే అందరికీ అర్థమైపోయింది.

పక్కన స్టీలు సామాన్ల అంగడి నారాయణది. ఆయన ముందు లింకు చూశాడు, తర్వాత షట్టరు చూశాడు. నిన్న సాయంత్రం తనతో టీ తాగిన మనిషి. వెంటనే తన షట్టరు సగానికి దించి, కమాల్ బాషా నంబరుకు ఫోన్ చేశాడు. అప్పుడే ఫోనును అట్టపెట్టెల మీద నిలబెడుతున్న మసరత్ కాల్ కట్ చేసింది. పాపం, మాట్లాడలేకపోతాండారని నారాయణ కండ్లు తుడుచుకున్నాడు. పావుగంటలో ఆ వరసలో పదిహేడు షట్టర్లు సగానికి దిగాయి. నారాయణే షామియానా అంగడికి చెప్పి యాభై కుర్చీలు, నీళ్ల డ్రమ్ము తెప్పించాడు.

ఆడవాళ్లు షట్టరు కింద వంగి లోపలికి వచ్చారు. ఖమ్రున్నీసా నమాజు చేసుకునే జానమాజు మీద కూర్చుని కూతురి కోసం దువా చేస్తోంది, కన్నీళ్లు కారుతున్నాయి. వచ్చినవాళ్లను చూసి ఆమె పొంగిపోయింది. ఫోనులో చూడమంటే నేరుగా ఇంటికే వచ్చారు, ఎంత మంచివాళ్లు. మాట్లాడొద్దని పెదవి మీద వేలు పెట్టి, లోపలి గది వైపు చూపించి, చాపలు పరిచింది. మొగుడు పోయిన పూట ఈమెకు ఇంత నిబ్బరం ఎట్లా వచ్చిందని వెనక వీధి బిస్మిల్లా బీ పక్కామె చెవిలో ఆశ్చర్యపోయింది.

పదకొండు గంటలకు మసరత్ తెల్ల దుపట్టా తలమీదికి లాక్కుని పాఠం మొదలుపెట్టింది. ఫోను దూరంగా ఉంది. జనం రాసే మాటలు ఆమెకు కనబడవు, మూలలో ఉన్న సంఖ్య ఒక్కటి కనబడుతుంది. మొదట తొమ్మిది. ఐదు నిమిషాలకు డెబ్బై. పావుగంటకు రెండు వందల నలభై. ప్రియదర్శిని మేడం బాగా ప్రచారం చేసినట్టుందని అనుకుని, మసరత్ గొంతు పెంచింది.

"వాకింగ్ టు ద బస్‌స్టాండ్, ద రెయిన్ స్టార్టెడ్. ఈ వాక్యం చూడండి. బస్టాండుకు నడిచిందెవరు? కామా అయిపోతానే వాన వచ్చె. అంటే వాన నడిచినట్టు. వానకు కాళ్లుండాయా? కామాకు ముందర పని జేసినోళ్లెవరో, కామా దాటినాక వాళ్లే మొదట నిలబడాల. ఇంగొకరు వచ్చి ఆ కుర్చీలో కూచుంటే తప్పు."

కువైట్‌లో ఖమ్రున్నీసా తమ్ముడు నయీం తన గదిలోవాళ్లనూ, పక్క గదులవాళ్లనూ నిద్రలేపి, టోపీలు పెట్టించి, పెద్ద టీవీకి లింకు కలిపాడు. పద్నాలుగు మంది వరసగా కూర్చున్నారు. అమ్మాయి ఏదో చెబుతోంది, బోర్డు మీద ఇంగ్లీషు రాస్తోంది. బావకు చదువంటే ప్రాణం, అందుకే కూతురు ఇట్లా చేస్తోందేమోనని నయీం సర్దిచెప్పాడు. జనాజా మధ్యలో లేచిపోవడం మర్యాద కాదు. అందరూ కదలకుండా చూశారు. చూస్తూ చూస్తూ ఒక డ్రైవరు, వాన నడవదు గదా, నిజమే, అన్నాడు.

ముప్పై నిమిషాలకు మసరత్ ఒక ప్రశ్న వేసి, జవాబులు చదవడానికి ఫోను దగ్గరికి వచ్చింది. పాఠం గురించి ఒక్క మాట లేదు. ఎప్పుడు జరిగిందమ్మా అని ఒకరు, ఎన్ని గంటలకు ఎత్తుతారని ఇంకొకరు, కమాల్ బాషా వంటి మనిషి మళ్లీ పుట్టడని మూడో ఆయన. అబ్బా బస్సులో పోయాడు. ఆయన ఫోను తన దగ్గరే ఉంది. ఏమైనా అయితే ఇంటికి చెప్పే దారి లేదు, లోకమంతటికీ తెలిసి తనకు తెలియలేదు. ఆమె పెన్ను కింద పెట్టేసింది. క్లాసు ఆపేద్దామని వేలు ఫోను దాకా పోయింది.

సరిగ్గా అప్పుడే కమాల్ బాషా ఆటో దిగాడు. వరసంతా సగం దిగిన షట్టర్లు, తన అంగడి ముందు షామియానా. ఇంట్లో ఉన్నది ఇద్దరు ఆడవాళ్లు. జనం వెనక నిలబడ్డ నారాయణ భుజం పట్టుకుని అడిగాడు.

"ఎవురప్పా పోయింది?"

నారాయణ తల తిప్పలేదు. "మన బాషామామ పోయినాడప్పా."

కమాల్ బాషాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఇంట్లోవాళ్లు బాగున్నారు. ఆ సంతోషంలో మిగతా మాట తలకెక్కడానికి కొంచెంసేపు పట్టింది.

"యా బాషా?"

"ఇంగ యా బాషా, టైలరు బాషా. శానా మంచోడప్పా. చేతి పనికి తిరుగుల్యా. నాకు కుట్టిన ప్యాంటొకటే నడుం కాడ బిగువు."

"మూణ్ణెల్లల్లో నీ కడుపు నాలుగించులు పెరిగితే నేనేం జేద్దు నారాయణప్పా" అన్నాడు కమాల్ బాషా.

నారాయణ తిరిగి చూసి, పక్కనున్న కుర్చీతో సహా కూలబడ్డాడు. ఆ తర్వాత వీధిలో లేచిన గలాటా లోపలి గది గోడలు దాటి వచ్చింది. అందులో ఒక గొంతు, ఎవరు దించమన్నారు మీ షట్టర్లు అని అరుస్తున్న గొంతు, మసరత్ పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. ఆమె ఫోను మీద నుంచి వేలు తీసింది. కండ్లు తుడుచుకుని మళ్లీ కెమెరా ముందు నిలబడింది.

"మా అబ్బా బాగుండాడు. బయట కేకలేస్తాండేది ఆయనే. మీరంతా దేనికి వచ్చినారో ఇప్పుడు తెలిసింది. మా ఇంటి మీది ప్రేమతో వచ్చినారు, అందరికీ శుక్రియా. నా పాఠంలో ఒక్క ప్రశ్న మిగిలుండాది. పొయ్యేవాళ్లు పోవచ్చు, నేనేమీ అనుకోను."

మూలలో సంఖ్య మూడు వందల పన్నెండు. అది ఒక్కసారిగా కిందికి పడుతుందని ఆమె ఎదురు చూసింది. మూడు వందల పది అయింది. ఆ ఇద్దరూ కూడా వేరేవాళ్లకు ఫోన్ చేసి శుభవార్త చెప్పి, తిరిగి వచ్చారు.

ఆమె బోర్డు మీద రాసింది. హ్యావింగ్ ఫినిష్డ్ ద కోట్, ద బస్ వాజ్ కాట్ బై ద టైలర్. దాని కింద ఇంకొకటి, హ్యావింగ్ ఫినిష్డ్ ద కోట్, ద టైలర్ కాట్ ద బస్. రెండిటికీ తెలుగులో అర్థం చెప్పి, ఏది సరైనదని అడిగింది.

మొదటి జవాబు కువైట్‌లో నయీం గది నుంచే వచ్చింది. రెండో వాక్యమే, కోటు కుట్టింది బస్సు కాదు, మా బావ అని. దాని వెనకే రెండోది, రెండోది అని వరద. ఇంటి నడవాలో చాపల మీద కూర్చున్న బిస్మిల్లా బీ కూడా, చదువు రాకపోయినా, బస్సు కోటు కుడుతుందా ఏంది అని గట్టిగానే అంది. క్లాసు ముగిసేసరికి ఒక డ్రైవరు రాశాడు, ఆరేండ్ల నుంచి సేటు పంపే మెసేజులకు ఓకే తప్ప ఇంకో జవాబు రాయలేదు, మాకు శుక్రవారం సెలవు, ఇట్లాంటి పాఠం ప్రతి శుక్రవారం పెట్టమ్మా అని. దాని కింద నలభై మంది మాకూ మాకూ అన్నారు.

పన్నెండు గంటలకు ప్రియదర్శిని మేడం ఫోన్ చేసింది. మసరత్ ఏమీ దాచలేదు. వాళ్లు వచ్చింది పాఠానికి కాదని, జనాజాకని, యాభై మంది లెక్కలో వాళ్లను పట్టుకోవద్దని చెప్పేసింది.

"దేనికి వచ్చినారని నేను షరతు పెట్టలేదు గదమ్మా, చివరిదాకా ఉండాల అన్నాను" అంది మేడం. "చావు లేదని తెలిసినాక గూడా కూచోబెట్టినావు. పాఠానికని వచ్చినోళ్లనే నేను కూచోబెట్టలేకపోతాండాను. సోమవారం నుంచి చెప్పు. శుక్రవారం గల్ఫ్ బ్యాచ్ గూడా నీదే."

మసరత్ ఆ మాట చెప్పగానే షామియానా కింద యాభై కుర్చీలూ లేచి నిలబడ్డాయి. నారాయణ తెప్పించిన నీళ్లలో చక్కెర, నిమ్మకాయ కలిపి అందరికీ పోశారు. తర్వాత మగవాళ్లంతా జుమ్మాకు పోయారు, కమాల్ బాషా అందరికంటే ముందు నడిచాడు.

గల్ఫ్ బ్యాచ్ ఇప్పుడు మూడు బ్యాచులైంది. కొత్తది మొదలుపెట్టే ముందు ప్రియదర్శిని మేడం పులివెందుల నుంచి ఫోన్ చేసి, మొట్టమొదట కమాల్ బాషా ఆరోగ్యం ఎట్లుందని అడుగుతుంది.