గడియార స్తంభం వారసుడు

ఆ ఆదివారం ఉదయం కళ్లజోళ్ల షాపాయన వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. క్షవరం చేయించుకోవాలి, స్కూటరు కడిగించాలి, మధ్యాహ్నం భోజనాల వేళకి తన వంశంలో ఒక గొప్పవాణ్ణి వెతికిపెట్టుకోవాలి. మొదటి రెండూ అరగంట పని. మూడోదానికి ఇరవై రెండేళ్లుగా తీరిక దొరకలేదు.

దీనికంతటికీ కారకుడు ఆయన బావగారు, అంటే భార్యకు అన్నగారు. దస్తావేజుల రిజిస్ట్రారుగా రిటైరైన మనిషి. ఆయన హాల్లో గోడమీద పూర్వీకుల ఫొటోలు ఏడున్నాయి. ఒక జడ్జి, ఒక సర్జను, ఇద్దరు కవులు. మిగతా ముగ్గురూ ఏం చేశారో తెలియదు కానీ మీసాలు మాత్రం గొప్పవి. భోజనానికి వెళ్లిన ప్రతిసారీ ఏడుగురినీ పరిచయం చేసి, "మీవైపు ఎవరూ లేరా బావగారూ?" అని జాలిగా అడుగుతాడు. ఆ జాలి షాపాయనకి పంటికింద రాయిలా తగిలేది. ఒక్కడంటే ఒక్కడు దొరికితే చాలు, భార్య ముందు తలెత్తుకు తిరగొచ్చని ఆయన ఆశ.

క్షవరశాలకి ఎదురుగానే ఊరి గడియార స్తంభం ఉంది. పందొమ్మిదేళ్లుగా దాని ముళ్లు కదల్లేదు. మున్సిపాలిటీవాళ్లు ఆ వారమే స్తంభానికి అంటించిన పాత పోస్టర్లు గీకించేస్తే అడుగున శిలాఫలకం బయటపడింది. సగం క్షవరంతో లేచి వెళ్లి చూసిన షాపాయనకి, స్తంభం కట్టించిన దాతగా తన పేరే కనిపించింది, ఇంటిపేరుతో సహా.

వాళ్లింట్లో తాత పేరే మనవడికి పెడుతూ వచ్చారు. అంటే తన పేరు తాతది, తాత పేరు ఆయన తాతది. వేళ్లమీద లెక్కేస్తే సరిగ్గా స్తంభం దగ్గరికే వచ్చింది. మిగతా సగం క్షవరం మాట మరిచిపోయి బావగారింటికి భోజనానికి పరుగెత్తాడు.

సంగతి విన్న బావగారు ఫలకం మీది పేరు రెండుసార్లు చెప్పించుకున్నాడు. చివరికి, వారసుడినని మున్సిపాలిటీలో దరఖాస్తు పెట్టమని, ఆలస్యం చెయ్యొద్దని సలహా ఇచ్చాడు. ఇరవై రెండేళ్లలో ఆయన ఇచ్చిన మొదటి మంచి సలహా అది. కడుపుమంటను దాచుకుంటున్నాడనుకుని షాపాయన మహదానందపడ్డాడు.

దరఖాస్తు చూడగానే మున్సిపాలిటీలో రికార్డుల గుమాస్తా లేచి నిలబడ్డాడు. కుర్చీ వచ్చింది, కాఫీ వచ్చింది, చైర్‌పర్సన్ వచ్చింది. మూడోరోజు సన్మానం జరిగి పేపర్లో ఫొటో పడింది. సభలోనే దాత రాసిన పన్నెండు పేజీల దానపత్రం ముందుపెట్టి, షరతులు ఒప్పుకుంటూ వారసుడిగా సంతకం అడిగారు. పొద్దస్తమానం జనం చేత సన్న అక్షరాలు చదివించే ఆ పెద్దమనిషి, మొదటి పేజీలో పేరు చూసుకుని చివరి పేజీలో సంతకం పెట్టేశాడు.

శాలువా మడతపెడుతుండగా గుమాస్తా ఒక ఇనుప పిడి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. మూడు కిలోలుంటుంది.

"గడియారానికి కీ తిప్పేది దీంతోనేనండి. రేపు పొద్దున్న ఐదున్నరకి వచ్చెయ్యండి. మెట్లు నూట నలభై మూడు."

"నేనెందుకు రావడం?"

"రోజూ దాత కుటుంబమే తిప్పాలని పత్రంలో ఉంది. పరాయివాళ్లు తిప్పితే కింద మార్కెట్టు స్థలం వెనక్కి ఇచ్చెయ్యాలట. పందొమ్మిదేళ్ల క్రితం ఎవరో ఈ పత్రం చదివారండి. అప్పట్నుంచి గడియారం ఆపేశాం."

షాపాయన ఐదు రోజులు ఎక్కాడు. మోకాళ్లు రెండూ వాచాయి. ఆరోరోజు లేవడం ఆలస్యమై గడియారం ఆగిపోతే, దాన్ని నమ్ముకుని బస్సు తప్పిపోయిన పదకొండుమంది నేరుగా షాపుకొచ్చి పోట్లాడారు.

ఆ రోజే ఆయన వెతుకులాటని తిరగేశాడు. ఆ గొప్పవాణ్ణి వదిలించుకోవడానికి పాత కాగితాలన్నీ జల్లెడ పట్టాడు. చివరికి ఒక బడి హాజరుపట్టీ ఆదుకుంది. స్తంభం కట్టిన ఏడాది షాపాయన తాతకు తాత రెండో తరగతి చదువుతున్నాడు, అదీ రెండోసారి. పూర్వీకుడు చెయ్యిజారినందుకు అంతగా పొంగిపోయిన మనిషి ఆ ఊళ్లో మరొకడుండడు.

గుమాస్తా అంత తేలిగ్గా వదల్లేదు. అసలు వారసుణ్ణి చూపిస్తేనే పిడి వాపసు తీసుకుంటానన్నాడు. షాపాయన మళ్లీ రిజిస్టర్లలో తలదూర్చాడు. దాతకి ఒక్కతే కూతురు. ఆవిడ మెట్టినిల్లు సాక్షాత్తూ బావగారి ఇల్లు. బావగారి తాతగారిని కన్నతల్లి ఆవిడే.

పిడి భుజానేసుకుని, భార్యని వెంటబెట్టుకుని షాపాయన విజయయాత్రగా బయల్దేరాడు. బావగారు కాగితాలు తిరగేసి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"నాకు నలభై ఏళ్లుగా తెలుసు బావగారూ. ఆయన ఫొటో ఎందుకు పెట్టలేదనుకున్నారు?"

తర్వాత, పదకొండో పేజీ చదివారా అని నెమ్మదిగా అడిగాడు. పెద్దవాడికి చేతకాకపోతే ఆ బాధ్యత తోబుట్టువుకి వస్తుందట. ఆడపిల్లయితే ఆమె బదులు భర్త ఎక్కవచ్చట. అంతా అప్పజెప్పి, తన మోకాళ్లు పనికిరావని డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టు సొరుగులోంచి తీశాడు. దానిమీద తారీకు షాపాయన దరఖాస్తు పెట్టిన రోజుది.

షాపాయన ఆశగా భార్యవైపు చూశాడు. ఆమె ఇంకా కాగితంలో ఆ కూతురి పేరు దగ్గరే ఉంది. కళ్లు చెమర్చాయి.

"మా గోడమీద ఏడుగురూ మగవాళ్లే. ఇన్నాళ్లకి ఒక ఆడమనిషి పేరు బయటికొచ్చింది, అదీ మీ వల్ల. ఇప్పుడు మళ్లీ ఆ గడియారం ఆపేస్తారా?"

పెళ్లయ్యాక ఆమె తనవంక అంత గర్వంగా చూడటం ఆయన ఎరగడు. ఆ చూపు కోసమే ఇంత వెతికాడు కనుక, పిడి మళ్లీ భుజానికెత్తుకున్నాడు.

మర్నాడు ఐదున్నరకి గుమాస్తా రిజిస్టరు తెరిచి, దాతకి ఏమవుతారన్న గడిలో "వారసుడు" కొట్టేసి, "అల్లుడు" అని రాసుకున్నాడు.