తొమ్మిది బ్రేకర్ల వీధి

తల్లి, తండ్రి, గురువు ముగ్గురూ కలిసి నేర్పలేనిది మనిషికి స్పీడ్ బ్రేకర్ నేర్పుతుంది. కాదన్నవాళ్ళు ఒక్కసారి బండి మీద మా వీధికి రండి. తిరిగి ఎలా వెళ్తారన్నది మీ అదృష్టం.

మా వీధి అర కిలోమీటరు కూడా ఉండదు. బ్రేకర్లు మాత్రం తొమ్మిది. ఏ ఒక్కదానికీ తెల్లరంగు లేదు, ముందు బోర్డు లేదు. ఉండకూడదు కూడా! రంగు వేస్తే దూరం నుంచే కనబడుతుంది. కనబడితే జనం ముందే నెమ్మదిస్తారు. ముందే నెమ్మదిస్తే ఇంత కాంక్రీటు పోసి ఏం లాభం? ఈ చిన్న సంగతి రోడ్లు వేసే ఇంజనీర్లకు తలకెక్కదు. అందుకే వాళ్ళను శ్రమ పెట్టకుండా ఎవరి ఇంటి ముందు బ్రేకర్ వాళ్ళమే వేసుకుంటాం.

మొదటిది వేయించిన ఘనత నాదే. కుర్రాళ్ళు మా గేటు ముందు నుంచి రయ్యిమని పోతున్నారని, మేడ మెట్లు కట్టగా మిగిలిన కాంక్రీటు తెచ్చి పోయించాను. నెల తిరక్కుండా ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరు నాకంటే నాలుగు వేళ్ళు ఎత్తుగా వేయించారు. హోదా అన్నాక ఉంటుంది కదా! ఆయన్ని చూసి టైలరు, టైలర్ని చూసి ఫోటోగ్రాఫరు. అలా తొమ్మిదయ్యాయి. ఇప్పుడు మా వీధిలో బ్రేకర్ లేని ఇంటివాళ్ళు పెళ్ళిపత్రిక పంచడానికి కూడా మొహమాటపడుతున్నారు.

వీటి వల్ల కలిగే లాభాలు ఇన్నీ అన్నీ కావు. నాలుగు నెలలుగా మాటల్లేని ఫోటోగ్రాఫరు దంపతులు మా వీధిలో ఒక్క చుట్టు చుట్టారు. మూడో బ్రేకర్ దగ్గర ఆవిడ ఆయన నడుము పట్టుకుంది, ఐదో దాని దగ్గర 'కాస్త చూసి నడపండి' అంది. మాటలు కలిశాయి. మా ఆవిడకి కదులుతున్న పన్ను ఒకటుండేది. డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా నా వెనక సీట్లో కూర్చుని కూరగాయలకొచ్చింది. బజారు చేరేసరికి పన్ను ఆవిడ చేతిలో ఉంది. ఇంత వైద్యం ఏ ఆస్పత్రి చేస్తుంది?

నాకు లైసెన్సు వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. పరీక్ష పెట్టిన ఆఫీసరు కుర్చీలోంచి లేవకుండానే 'పోనివ్వు' అన్నాడు. పోనిచ్చాను. 'బండితో ఎనిమిది అంకె వెయ్యి' అన్నాడు. వేశాను. ఆపమని ఆయన అనలేదు, ఎలా ఆపాలని నేనూ అడగలేదు. పెట్రోలు అయిపోతే అదే ఆగుతుందని ఇద్దరం నమ్మాం. ఆ నమ్మకంతోనే ఇన్నేళ్ళూ నడుపుతున్నాను.

అలాంటి అనుభవం ఉన్నవాణ్ణి కాబట్టే మాతోపాటే ఉంటున్న మా అక్క కూతురికి బండి నేర్పే బాధ్యత నా మీద పడింది. మేనకోడలికి రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం వచ్చేటట్టుంది. ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసుకుని, గాజు గొట్టాల్లో పోసి, ల్యాబుకి చేర్చాలి. నేర్చుకోమని ల్యాబు వాళ్ళు ముందే ఇచ్చింది గేర్ల బండి, వెనక బిగించిన డబ్బా. సోమవారం రంగునీళ్ళు నింపిన పన్నెండు గొట్టాలతో పరీక్ష. మా ఇంటి దగ్గర బయలుదేరి ల్యాబుకి అరగంటలో చేర్చాలి. ఒక్క గొట్టం పగిలినా ఉద్యోగం ఇంకొకరికి. పిల్లకి గేర్ల బండి అంటే ఏమిటో తెలియదు. చేతిలో ఉన్నది ఆరు రోజులు.

నా విద్యంతా ధారపోశాను. బ్రేకర్ కనబడగానే బండి న్యూట్రల్లో పడెయ్యాలి, పెట్రోలు కలిసొస్తుంది. ముందు బ్రేకు జోలికి పోకూడదు, పోతే బండి మనల్ని నెత్తి మీదుగా విసిరేస్తుంది. ఈ సంగతి నాకు మా పెదనాన్న చెప్పాడు, ఆయన జన్మలో సైకిలు తప్ప ఎక్కి ఎరగడు. అన్నిటికంటే గొప్ప బ్రేకు హారన్. అది కొడితే మనం ఆగక్కర్లేదు, ఎదుటివాడు ఆగుతాడు!

ప్రాక్టీసుకని డబ్బాలో ఆరు కోడిగుడ్లు పెట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చింది. రెండు రోజులు ఇంటిల్లిపాదికీ ఆమ్లెట్లే. మూడో రోజు మా అక్క 'ఇక నా వల్ల కాదురా' అని గుడ్ల బుట్ట అటక మీద పెట్టేసింది.

మేనకోడలు నాతో ఒక్క మాట చెప్పకుండా వీధి మలుపులో ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్ళింది. నేను సిగరెట్టు కొనే నెపంతో పక్క కొట్టు దగ్గర నిలబడి చెవి అటు వేశాను.

"ముందు యాక్సిలేటర్ వదులమ్మా. రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా పట్టు. ఇప్పుడు క్లచ్ పట్టి ఒక్క గేరు దించు. క్లచ్ మెల్లిగా వదులు. చూశావా, బండిని ఇంజనే వెనక్కి లాగి పట్టుకుంటోంది. ఇంకాస్త తగ్గాక ఇంకో గేరు."

"నాలుగులోంచి ఒకటికి ఒకేసారి దించేస్తే?"

"మీ మేడ మెట్లు దిగుతావా, దూకుతావా? అలా దించి క్లచ్ ఠపీమని వదిలితే వెనక చక్రం బిగుసుకుపోద్ది. బండి పక్కకి ఈడ్చేస్తది. బ్రేకర్ దగ్గరికొచ్చాక కాదు, రాకముందే ఈ పనంతా అయిపోవాలి. దాటేటప్పుడు బ్రేకు వదిలెయ్."

"మా మావయ్య న్యూట్రల్ చెయ్యమన్నాడే."

"మీ మావయ్యగారి బ్రేకులు ఏడాదికి నాలుగుసార్లు మారుస్తా. ఆయన్ని మాత్రం మార్చకమ్మా, నా పొట్ట మీద కొట్టిన దానివవుతావు."

నేను సిగరెట్టు కొనకుండానే ఇంటికొచ్చేశాను. నాకు సిగరెట్టు అలవాటు లేదు కూడా.

ఆదివారానికి గుడ్లు అటక దిగాయి. ఆరూ వెళ్ళి ఆరూ పగలకుండా వచ్చాయి. అయినా గురువునన్న హోదా ఒకటుంది కదా, సోమవారం పరీక్షకి రక్షణగా నా బండి మీద నేనూ వెనకాలే బయలుదేరాను. ముందురోజు సాయంత్రమే ఇద్దరం ల్యాబుకి వెళ్ళి గొట్టాలు తెచ్చుకున్నాం. మా ఇంటి ముందు టైము చూసుకుని మొదలుపెట్టాం. నా బ్రేకర్ దాటాం, హెడ్మాస్టరు గారిది దాటాం, టైలరుది దాటాం. ఫోటోగ్రాఫరుది వచ్చేదాకా మధ్యలో రోడ్డు చదునుగా ఉంటుందని నాకు కంఠతా వచ్చు. న్యూట్రల్లో పడేసి నిశ్చింతగా జారుతున్నాను.

రాత్రికి రాత్రి, మేం నిద్రపోతుండగా, ఆ మధ్యలో ఉండే పళ్ళ డాక్టరు తన గేటు ముందు పదోది వేయించేశాడు!

మేనకోడలు దాన్ని దూరం నుంచే చూసింది. బండి చప్పుడు ఒక మెట్టు మారింది, ఇంకో మెట్టు మారింది. డబ్బాతో సహా మెల్లిగా ఎక్కి మెల్లిగా దిగింది. నేను హారన్ కొట్టాను. బ్రేకర్ కదల్లేదు. ఇంకోసారి గట్టిగా కొట్టి, వెనక బ్రేకు మీద నిలబడ్డాను. చక్రం బిగుసుకుపోయింది, బండి ఒక పక్కకి, నేను ఒక పక్కకి.

కళ్ళు తెరిచేసరికి పళ్ళ డాక్టరు నా మీదికి వంగి ఉన్నాడు. "నోరు తెరవండి" అన్నాడు. పళ్ళన్నీ ఉన్నాయని తేల్చి, కాస్త నిరాశగా, "మన వీధి పద్ధతి ప్రకారం రంగు వేయించలేదండీ" అన్నాడు.

కుడి మణికట్టు వాచిపోయింది. మేనకోడలు బండి తిప్పుకుని వచ్చింది. టైము నడుస్తోంది, వెళ్ళిపొమ్మన్నాను. అది వింటేగా.

"ఎముకల డాక్టరు ల్యాబు పక్క మేడలోనేగా మావయ్యా. ఎక్కు. చెయ్యి ఒళ్ళో పెట్టుకో."

ఎక్కాను. ఇంకా ఆరు బ్రేకర్లు ఉన్నాయి. ఒక్కోటి వస్తుంటే పళ్ళు బిగించి కళ్ళు మూసుకున్నాను. ఆరూ దాటాయి, మణికట్టు ఒక్కసారి కూడా అదరలేదు. ఆరు రోజుల కింద క్లచ్ ఎక్కడుందో అడిగిన పిల్ల!

మెయిన్ రోడ్డు ఎక్కాం. అద్దంలా ఉంది, ఒక్క గతుకు లేదు. ఇంకా ఆరు నిమిషాలే ఉన్నాయి కాబట్టి పిల్ల ఇక్కడ స్పీడు పెంచుతుందనుకున్నాను. పెంచింది కూడా. కానీ కాసేపటికి మళ్ళీ యాక్సిలేటర్ వదిలింది. ఒక గేరు దించింది. తర్వాత ఇంకోటి. నాకు కంగారు పుట్టింది.

"ఏమే, ఇక్కడ బ్రేకర్ లేదుగా?"

"పిల్లలున్నారుగా మావయ్యా."

తలెత్తి చూస్తే బడి గేటు. సంచులు తగిలించుకున్న చిన్నపిల్లలు చేతులు పట్టుకుని రోడ్డు దాటుతున్నారు. ఆ గేటు ముందు నుంచి నేను ఇరవై ఆరేళ్ళుగా వెళ్తున్నాను. హారన్ కొడుతూ వెళ్తున్నాను. నాకు నిజంగా సిగ్గేసింది.

గొట్టాలు పన్నెండూ చెక్కుచెదరకుండా, రెండు నిమిషాల ముందే చేరాయి. పిల్లకి ఉద్యోగం వచ్చింది, నాకు కట్టు పడింది. అయినా స్పీడ్ బ్రేకర్ల మీద నా గౌరవం ఇసుమంతైనా తగ్గలేదు. ఎదురుగా పిల్లలు కనబడినా నెమ్మదించని పెద్దమనుషులున్నంత కాలం, పాపం, వాళ్ళకి అర్థమయ్యే భాష కాంక్రీటు ఒక్కటే కదా!