ముందు సీట్లో నాగరత్నం

ఏలూరులో ఏడింటికి బయలుదేరితే తాడేపల్లిగూడెంలో బావమరిది సుబ్బరాజు ఇంటికి ఎనిమిదిన్నరకల్లా చేరవచ్చని బంగార్రాజు అనుకున్నాడు. ఆ రోజు భార్య నాగరత్నం సంవత్సరీకం. పిల్లలు లేరు కనుక ఆమె తమ్ముడైన సుబ్బరాజు ఇంట్లోనే పెట్టుకున్నారు. పదింటికి మరో ఊరు వెళ్ళాలని పంతులుగారు ముందే చెప్పారు. ఆమె పోయాక వీధి మలుపైనా దాటని కారును బయటికి తీసి, స్టూడియోలో పెద్దది చేయించిన ఫొటోకి దండ వేసి, ఆమె ఎప్పుడూ కూర్చునే ముందు సీట్లో నిలబెట్టి బెల్టు పెట్టాడు. అద్దాలు దించాడు. ఏసీ జోలికి పోలేదు. మైలేజీ పడిపోతుందని ఆ ఏసీ మీద ఆమెతో పదేళ్ళు పోట్లాడిన మనిషి.

ఉంగుటూరు దగ్గర లారీల వెనక ఆగేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్‌లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. కారు పక్కకు తీసి దిగాడు. ఈ ఒక్కరోజైనా ఆమెకు సమయానికి అందలేకపోతున్నానే అని కళ్ళనీళ్ళు తిరిగాయి.

మోటారు సైకిలు ఆపిన ఒకాయన ఆవిరినీ, ఏడుస్తున్న మనిషినీ, ఫొటోనీ చూశాడు.

"అయ్యో! ఆవిడేరండీ?"

"పోయిందండీ" అన్నాడు బంగార్రాజు.

అంతే, జనం మూగారు. ఒకరు అంబులెన్సుకి ఫోన్ చేశారు. సుబ్బరాజుని ఎరిగిన మరొకరు, "మీ బావగారి కారు తగలబడిందండీ, మనిషి దక్కలేదు" అని ఫోన్ చేశారు. ఇప్పుడే పోయిన మనిషికి దండ వేసిన ఫొటో ఎలా వచ్చిందని ఒక్కరూ అడగలేదు. తక్కినవాళ్ళు రేడియేటర్ పూడిపోయిందనీ, వాటర్ పంపు పోయిందనీ, ఇంజనే పోయిందనీ తలో మాటా చెప్పారు.

తొమ్మిదిన్నరకి చుట్టాలందరూ, పంతులుగారితో సహా, మూడు ఆటోల్లో ఏడుస్తూ దిగారు.

"బావగారూ! ఉన్నారా!" అని సుబ్బరాజు వాటేసుకున్నాడు.

"నేనున్నానయ్యా. అదే నా బాధ."

ఈలోగా పక్క షెడ్డు మెకానిక్ బాజీ వచ్చి, ఇంజన్ చల్లారాక నీళ్ళు పోసి, స్టార్ట్ చేసి ఏసీ మీట నొక్కాడు. రేడియేటర్ ఫ్యాన్ గిర్రున తిరిగింది. మీట తీస్తే ఆగిపోయింది.

"ఫ్యాన్ బాగానే ఉందండీ. ఇంజన్ వేడెక్కినప్పుడు దాన్ని తిప్పే సెన్సార్ పోయింది. ఇవాళ్టిది కాదండీ, చిలుం ఎంత పట్టిందో చూడండి, మూడేళ్ళయ్యుంటది. ఏసీ వేస్తే మాత్రం ఫ్యాన్ దానంతటదే తిరుగుద్ది. మీరెప్పుడూ ఏసీ వేసుకునే తిరిగారు కాబట్టి ఇన్నాళ్ళూ బండి బతికిందండీ."

"నేను కాదు బాబూ" అన్నాడు బంగార్రాజు. "ఆవిడ."

ఏడాదిగా పెద్దమనిషిలా తిరిగినవాడు రోడ్డు మీద, అంతమంది ముందు, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పోట్లాడిన ప్రతిసారీ ఆమె ఏమీ అనకుండా ఆ మీట మళ్ళీ నొక్కేది.

పంతులుగారు ఫోన్ తీసి, మరో ఊరి వాళ్ళకి మధ్యాహ్నం వస్తానని చెప్పారు. "పదండి, అమ్మగారిని ఇంటికి తీసుకెళ్దాం" అన్నారు.

బంగార్రాజు అద్దాలెత్తి, ఏసీ వేసి, గాలి ఫొటోకి తగిలేలా తిప్పాడు. గూడెం దాకా ముల్లు కదల్లేదు.

మైలేజీ బాగా పడిపోయింది. బంగార్రాజు ఎవరినీ ఏమీ అనలేదు.