నీళ్లు తగిలితే నమస్కారం

నీళ్లు తగలగానే తనంతట తానే చేతులు జోడించే మంత్రిని మర్రిగూడ ప్రాంతానికి ప్రసాదిస్తున్నామని మంత్రిగారు నల్గొండ సభలో ప్రకటించారు. అసలు మంత్రికి అంత తీరిక లేదు కనుక, ఇది ఆయన బొమ్మ.

నల్లమలలో ఒక మొక్క ఉంది. ఎండితే ముడుచుకుంటుంది, తడిస్తే విచ్చుకుంటుంది. దాన్ని చూసి సైంటిస్టు మంజులత మేడం ప్లాస్టిక్ పొరకు నార పొర అతికించారు. తడిస్తే నార ఉబ్బుతుంది, ప్లాస్టిక్ ఉబ్బదు, చెయ్యి వంగుతుంది. దాని పేరు ‘స్పందించే కాంపోజిట్’. సర్కారులో స్పందన అనే మాట కొత్త కావడంతో మంత్రిగారు పరవశించిపోయారు.

బొమ్మను ఊరి నడుమ నిలబెట్టారు. వాన జాడ లేదు. పోనీ బోరు నీళ్లు కొడదామంటే మేడం అదిరిపడ్డారు.

“అమ్మో, ఆ ఫ్లోరైడ్ నీళ్లా? మెటీరియల్ పాడైపోతుంది.”

అలా రోజూ కృష్ణా నీళ్ల ట్యాంకర్ రావడం మొదలైంది. ఆ నీళ్ల కోసమే మేకలు కాసే సైదమ్మ ఇన్నేళ్లూ ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. ఆమె భర్త గుర్వయ్య మోకాళ్లు బోరు నీళ్లకే కొయ్యబారాయి. బొమ్మకు పైపుతో నీళ్లు కొడుతుంటే సైదమ్మ కింద బిందె పెట్టింది. ఊరంతా పెట్టింది. మంత్రిగారి గడ్డం మీదుగా జారిన నీళ్లు తియ్యగా ఉన్నాయి.

ఒక సాయంత్రం బొమ్మ చేతులు కదిలాయి.

“రేపు పూర్తిగా జోడిస్తే పరీక్ష పాసు. ఇక ట్యాంకర్ బంద్,” అన్నారు మేడం సంబరంగా.

సైదమ్మ ఆ మాట విన్నది. మేడం జీపు వెళ్లగానే మేకను కట్టే తాడుతో నిచ్చెనెక్కి, బొమ్మ మోచేతులు వెనక్కి లాగి కట్టేసింది. తాడు కనపడకుండా పార్టీ కండువా కప్పింది.

“మంత్రిని కట్టేసినవేందే?” అన్నాడు గుర్వయ్య.

“పాలిచ్చేదాన్ని కట్టెయ్యక ఇడ్సిపెడ్తరా?”

మర్నాడు బొమ్మ చేతులు జోడించలేదు. కండువా ముట్టుకునే ధైర్యం ఏ ఆఫీసరుకూ లేదు. రోజూ రెండో ట్యాంకర్ కూడా పంపారు. మేకలు తాగాయి, పిల్లలు జలకాలాడారు, దుర్గయ్య కూతురి పెండ్లి వంట కూడా బొమ్మ కిందే జరిగింది. విజ్ఞానశాస్త్రానికి ఒక ఊరు అంతగా సహకరించడం అరుదు.

చివరికి మంత్రిగారే వచ్చారు. గుర్వయ్య కర్ర చంకన పెట్టుకుని, రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు.

“ఈ పెద్దమనిషి ఏ నీళ్లు తాగుతడు?” అన్నారు మంత్రిగారు.

సైదమ్మకు ఆశ పుట్టింది. “చిన్నప్పటి సంది బోరు నీళ్లే సారూ. జర కాళ్లు సూడుండ్రి.”

మంత్రిగారు చేతులు చూశారు. ముఖం వెలిగిపోయింది.

“చూసిండ్రా మేడం? ఆ నీళ్లే తాగి ఎంత మంచిగ దండం పెడుతుండో. ప్రకృతి నల్లమలలోనే ఉన్నదా? ఈయనను చూసి తయారు చేయిండ్రి. ట్యాంకర్ ఖర్చు దండుగ.”

చప్పట్లు మోగాయి. ట్యాంకర్ వెనక్కి తిరిగింది. మేడం టేపు తీసి గుర్వయ్య చేతులు కొలవసాగారు.

“కాసేపు కదలకుండా ఉండు పెద్దాయనా,” అన్నారు.

గుర్వయ్య మోకాళ్లు ఆ మాట బాగానే విన్నాయి.