పక్క సీటు

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా సులువైనది. పదకొండు గంటలకు కూతురికి డ్రైవింగ్ పరీక్ష. మేనమామ ఇచ్చిన పాత కారును అక్కడిదాకా తనే నడుపుతుంది. తండ్రి సెలవు పెట్టి పక్క సీట్లో కూర్చుని ధైర్యం చెబుతాడు, తల్లి వెనక కూర్చుంటుంది. పాపం, ఆ పిల్ల ఇప్పటికి రెండుసార్లు పరీక్ష తప్పింది. సోమవారంలోగా లైసెన్సు చూపిస్తేనే బేకరీ వాళ్లు వ్యాను నడిపే ఉద్యోగం ఇస్తామన్నారు.

తండ్రి ముప్పై ఏళ్లుగా సిటీ బస్సు డ్రైవరు. కిటికీలోంచి తల బయటపెట్టి వాంతి చేసుకునే ప్రయాణికులంటే ఆయనకు చిన్నచూపు. అదంతా మనసు బలహీనత అని తీర్పు కూడా చెప్పేవాడు. అన్నేళ్లలో తను ఎక్కిన ఏ బండిలోనూ స్టీరింగ్ ఇంకొకరి చేతికి ఇవ్వలేదన్న సంగతి మాత్రం ఆయన గమనించలేదు.

కారు బయలుదేరాక నాలుగో మలుపులో ఆయన నోట్లో నీళ్లూరాయి. ఆరో మలుపుకి కడుపులో దేవడం మొదలై, నుదుటన చల్లటి చెమట పట్టింది. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కళ్లు మూసుకున్నాడు. దాంతో తిప్పడం ఇంకాస్త ఎక్కువైంది.

కూతురు అది చూడనే చూసింది. "నాన్నా, భయమేస్తోందా?"

"భయమా, నాకా? పొద్దున తిన్న గుడ్డు పడలేదంతే."

ఆ గుడ్డు ఉడికించింది తల్లి. అదే గిన్నెలోది తనూ తిన్నాననీ, గుండ్రాయిలా ఉన్నాననీ, ఇన్నేళ్ల వంటకు ఇదా మెప్పనీ వెనక నుంచి అందుకుంది. కూతురికి గుడ్డు కథ మీద నమ్మకం కుదరలేదు. తప్పు తన బ్రేకుదే అనుకుని నత్తనడకకు దిగింది. వెనక బళ్లు హారన్లు మోగించాయి. ఆమె కంగారుకి కారు కుదుపుల మీద కుదుపులిచ్చింది. అలిగినా మొగుడి మీద జాలి చావని తల్లి, మనసు మళ్లుతుందని ట్రాఫిక్ నిబంధనల పుస్తకం ఆయన చేతికిచ్చి పైకి చదవమంది. కదిలే బండిలో చిన్న అక్షరాలు చదవడమంటే గోరుచుట్టు మీద రోకలిపోటే. మూడో నిబంధన సగంలో ఆయన ఒక చేత్తో నోరు మూసుకుని రెండో చేత్తో ఎదురుగా కనిపిస్తున్న గేటు చూపించాడు.

అది పరీక్ష జరిగే చోటే. బండి ఆగీ ఆగకముందే దిగి, చెట్టు మొదట్లో వాంతి చేసుకున్నాడు. తలెత్తితే ఎదురుగా పరీక్ష తీసుకునే ఆఫీసరు నిలబడి ఉన్నాడు.

కూతురు కారు దిగి తాళంచెవి తండ్రి చేతిలో పెట్టింది. "నా బండెక్కితే నీకే ఇలా అయిందంటే, నేనిక నడపను నాన్నా. ఇంటికి పోదాం."

ఆ మాట ఆయన్ని వాంతికన్నా ఎక్కువ బాధపెట్టింది. పరువు పక్కన పెట్టేశాడు.

"తప్పు నీది కాదమ్మా. ఇన్నేళ్లలో నేనెవరి పక్కనా కూర్చోలేదు. ఎవరినీ నమ్మలేదు. నిన్ను నమ్మి కూర్చున్నాను. ఈ కడుపుకి ఆ అలవాటు లేదు, అంతే." తాళంచెవి తిరిగి ఆమె అరచేతిలో పెట్టి గుప్పిట మూశాడు.

రోజూ కొత్త డ్రైవర్ల పక్కన కూర్చునే ఆఫీసరు ఈ విద్యలో పండిపోయినవాడు. స్టీరింగ్ పట్టినవాడికి మలుపు ముందే తెలుస్తుందనీ, పక్కవాడి కడుపుకి వచ్చాకే తెలుస్తుందనీ చెప్పాడు. కిటికీ దించుకోవాలి, పుస్తకం ముట్టకూడదు, చూపు దూరంగా రోడ్డు మీద నిలపాలి. నీళ్ల సీసా ఇచ్చి, గడగడా తాగకుండా కొద్దికొద్దిగా తాగమని చెప్పి అమ్మాయిని తీసుకెళ్లాడు.

తండ్రి ఆఫీసు మెట్టు మీద కూర్చుని గేటు వంకే చూశాడు. గుడ్డు తప్పేమీ లేదని భార్య దగ్గర ఒప్పుకున్నాడు. ఆమె చేతిరుమాలు తడిపి ఆయన నుదురు తుడిచింది.

ఇరవై నిమిషాలకు కారు తిరిగొచ్చింది. ఆఫీసరు కాగితం మీద సంతకం చేస్తూ అన్నాడు: "పొద్దుటి నుంచి నలుగురి పక్కన కూర్చున్నాను. కడుపులో తిప్పనిది ఈ అమ్మాయి పక్కనే. పాస్."

తండ్రికి కళ్లు చెమర్చాయి. ఈసారి నెపం వేయడానికి గుడ్డు కూడా లేదు.

ఇంటికీ కూతురే నడిపింది. ఆయన కిటికీ దించి, దూరంగా రోడ్డు మీద చూపు నిలిపి, నోరు తెరిస్తే ఏమవుతుందోనని గేరు గురించి గానీ బ్రేకు గురించి గానీ ఒక్క సలహా ఇవ్వకుండా కూర్చున్నాడు. పాతికేళ్ల కాపురంలో తల్లికి అంతటి ప్రశాంతత అదే మొదటిసారి.

"దగ్గరి దారి వద్దమ్మా," అంది వెనక నుంచి, "చుట్టు తిప్పి పోనియ్యి."