కొత్త సిస్టమ్ మింగిన నాలుగు పేజీలు

కంప్యూటర్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్న శనివారం నాడే మాస్టారి ఫైలు పోయింది. పైకి అయ్యో అన్నారు గానీ, లోపల హమ్మయ్య అనుకున్నారు.

చనిపోయిన అన్నయ్య గురించి నాలుగు పేజీలు రాసిస్తానని వదినకు మాటిచ్చి ఆర్నెల్లయింది. ఆదివారం ఆవిడ వాటి కోసమే వస్తోంది.

"నేనేం చెయ్యను? కొత్త సిస్టమ్ మింగేసింది," అన్నారు భార్యతో.

"దానికంత ఆకలేమిటండీ?"

"నన్నడుగుతావేం? లోకమంతా నెట్‌లో దుమ్మెత్తి పోస్తోంది, చదువు!"

నిజమే. తెరిస్తే తెరుచుకోదని ఒకరు, మూస్తే మూసుకోదని ఒకరు, దీనికన్నా పాతదే నయమని అందరూ. మాస్టారికి కొండంత తోడు దొరికింది. తనూ ఒక విమర్శ మొదలుపెట్టారు. నాలుగు ముక్కలనుకున్నది ఆగలేదు. చోటు మారిన గడియారాన్నీ, వెలిసిపోయిన రంగుల్నీ, అడగని సలహాల్నీ పేరుపేరునా కడిగేసి ఐదో పేజీలో తేలారు. సాక్ష్యంగా పనికొస్తుందని అచ్చు తీసి బల్ల మీద పెట్టారు.

ఆదివారం వదిన వచ్చి, కళ్లజోడు పెట్టుకుని ఐదు పేజీలూ చదివింది.

"బాగా తిట్టావయ్యా. మీ అన్నయ్య ఫైలు మింగింది ఇదేనా?"

"ఇదే వదినా. నాలుగు పేజీలూ నిండుగా రాశాను."

భార్య కుట్టుమిషను సొరుగులోంచి గుండీల డబ్బా తెచ్చి, అందులోంచి పెన్‌డ్రైవ్ తీసింది.

"ముందు అన్నీ వేరేచోట దాచుకోమని ఈ కంప్యూటర్ మూడు రోజులు మొత్తుకుందక్కా. ఈయన చదవరుగా. నేను చదివాను."

అంతవరకూ తిట్లు తిన్న సిస్టమ్ ఆ ఫైలును మాత్రం చిటికెలో తెరిచింది. తెల్లటి పేజీ మీద రెండే మాటలు: మా అన్నయ్య.

"మిగతాది?" అంది వదిన.

మాస్టారు తల వంచుకున్నారు. "ఆ రెండు మాటలూ రాయగానే అన్నయ్య వెనక నిలబడి చదువుతున్నట్టుంటుంది వదినా. లేచి వంటింట్లోకి పోతాను."

"అదా సంగతి! ఆర్నెల్లుగా నా గిన్నెలు సర్దినవే సర్దుతున్నారు," అంది భార్య. గొంతులో మాత్రం ఎగతాళి లేదు.

వదిన ఆ ఐదు కాగితాలనూ తిరగేసి ఆయన ముందు పెట్టింది.

"వెనకవైపు ఖాళీయేగా. నేనడిగింది నాలుగే, ఒకటి ఎక్కువే ఉంది. రాయి. దీనికి ఏ సిస్టమూ అక్కర్లేదు."

మాస్టారు కలం తీసి 'మా అన్నయ్య' అని రాశారు. వంటింటి తలుపు దగ్గరగా వేసి భార్య అక్కడే కుర్చీ వేసుకుంది.

మూడో మాట ఇంకా రాయలేదు.