పేర్లు లేని బాయి పాట

పుట్టుక, చావు ఎవరి చేతుల్లో ఉన్నా, జర్మనీలో పాట మాత్రం సాంస్కృతిక కార్యాలయం రెండో అంతస్తులో ఉంటుంది. అక్కడ టెర్మిన్ (అంటే అపాయింట్‌మెంటు) దొరికాకే ఎవరైనా గొంతు విప్పాలి.

ఈ సంగతి పుల్లయ్యకు తెలియదు. గోదావరిఖని బొగ్గుబాయిల్లో సర్వీసంతా చేసి, డప్పు మీద బాయి పాటలు కట్టి పాడుకున్న మనిషి. మూడు నెలల వీసా మీద రూర్ ప్రాంతంలో ఉన్న కొడుకు దగ్గరికి వచ్చాడు. ఆ ఊళ్లోనూ ఒకప్పుడు బొగ్గుగని ఉండేది. మూతపడ్డాక దాని గేటు ముందర ఏటా వేసవి పండగ చేస్తున్నారు.

"గాడ ఒక్కపారి పాడాలె బిడ్డా. బాయి దిగినోల్లు వింటరు," అన్నాడు కోడలు వైశాలితో. ఇంట్లో జర్మన్ పరీక్ష పాసైంది ఆవిడే కనక (ఇంట్లో ఉండేదీ ఆవిడే కనక) దరఖాస్తు ఆవిడ మెడకు చుట్టుకుంది.

కార్యాలయంలో దరఖాస్తులు చూసే ఫ్రావ్ (అంటే శ్రీమతి) హోల్ట్‌మన్ ఎంతో మర్యాదస్తురాలు. దేన్నీ కాదనదు. దేనికైనా ఇంకో కాగితం ఉంటుందని మాత్రం చెబుతుంది. డప్పును ముందు మంట మీద కాచాలి అనేసరికి అగ్నిమాపక శాఖకు పంపింది. తోలు వేడెక్కకపోతే మోగదని వైశాలి విన్నవించుకోగా, ఆ శాఖవారు దీర్ఘంగా ఆలోచించి హెయిర్ డ్రయర్‌కు అనుమతి ఇచ్చారు. (చల్లగాలికి, వేడిగాలికి విడివిడిగా.) పర్యావరణ శాఖవారేమో, పాటలో బొగ్గు తవ్వడమే తప్ప కాల్చడం లేదు కనక తమకు అభ్యంతరం లేదన్నారు.

అసలు చిక్కు పాటలోనే ఉంది. షిఫ్టు ముగిశాక అందరూ బాయిలోంచి పైకెక్కారా అని పేరు పేరునా పిలిచే పాట అది. "ఓదెలూ, ఎక్కినవా?" అని పుల్లయ్య అడిగితే, "ఎక్కిన అన్నా" అని గుంపులోంచి జవాబు రావాలి. ఒక రోజు పైన బండ కూలి ఓదెలు, మొగిలి, రాజీరు, కొమురయ్య ఎక్కలేదు. అప్పట్నుంచి పుల్లయ్య ఎక్కడ పాడినా ఆ నలుగురినీ పిలుస్తూనే ఉన్నాడు.

పేర్లు వ్యక్తిగత సమాచారమనీ, నలుగురిలో పలకాలంటే ఆ వ్యక్తుల సంతకాలు కావాలనీ ఫ్రావ్ హోల్ట్‌మన్ చెప్పింది. వాళ్లు చనిపోయారంది వైశాలి. ఫ్రావ్ హోల్ట్‌మన్ ముఖం విప్పారింది. పోయినవాళ్లకు ఆ చట్టం వర్తించదు, మహా సౌకర్యం. పోయినట్టు రుజువులు జతచేస్తే చాలు.

వైశాలి పక్కనే కూర్చున్న పుల్లయ్యకు తెలుగులో చెప్పింది.

"సచ్చిండ్రనే గద బిడ్డా నేను పాడేది?"

ఒకే పాట అటు దరఖాస్తుగానూ ఇటు రుజువుగానూ చెల్లదని జవాబు వచ్చింది. మరణ ధ్రువపత్రాలు తెప్పించి, అధికారిక అనువాదకుడి చేత జర్మన్‌లోకి మార్పించేలోగా పండగే కాదు, మామ వీసా కూడా అయిపోతుంది. చివరికి సంతకం దొరికే పేరు ఒక్కటే మిగిలింది. పుల్లయ్య.

"సరే తియ్, ఆ నలుగుర్ని పిలువ," అన్నాడు. మామ ఏ విషయంలోనైనా ఇంత తొందరగా ఒప్పుకోవడం వైశాలి కాపురానికొచ్చాక చూడలేదు. అనుమానమొచ్చింది.

పండగనాడు ఆవిడ స్టేజీ పక్కన నిలబడి డప్పుకు డ్రయర్ పట్టింది. పుల్లయ్య పాట ఎత్తుకున్నాడు.

"పుల్లయ్యా, ఎక్కినవా?"

"ఎక్కిన," అని తనే చెప్పుకున్నాడు.

డప్పు మీద ఒక్క దెబ్బ వేసి ఆగాడు. ఒక పేరు పట్టేంత ఆగాడు, జవాబు పట్టేంత ఆగాడు. మళ్లీ దెబ్బ, మళ్లీ ఆగడం. ముందు వరసలో ఆ ఊరి పాత గని కార్మికులు కూర్చున్నారు, తెలుగు ఒక్క ముక్క రానివాళ్లు. రెండో ఖాళీలో ఒకాయన టోపీ తీశాడు. మూడో ఖాళీకి వరసంతా లేచి నిలబడింది. (లేచేందుకు అనుమతి తీసుకున్న దాఖలా లేదు.) నాలుగో ఖాళీలో వైశాలి, అప్పటికే ఆపేసి ఉన్న డ్రయర్‌ను మరోసారి ఆపింది.

వారం తిరక్కుండా కార్యాలయం నుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. కార్యక్రమం శబ్ద పరిమితికి లోబడే సాగిందనీ, అందులో నిశ్శబ్దంగా ఉన్న భాగాలు అన్ని శాఖలవారికీ ఎంతో నచ్చాయనీ, వచ్చే ఏడాది ఆ భాగాలు మాత్రమే వినిపించవలసిందనీ అందులో ఉంది.